షోలాపురం కన్న కర్మయోగి: డాక్టర్ కోట్నీస్

షోలాపురం పేరు వినగానే చద్దర్లు, తువ్వాళ్ళు జ్ఞప్తికి వస్తాయి. తెలంగాణ పల్లెల నుండి తరలివచ్చిన పద్మశాలి కుటుంబాలు తరతరాలుగా ఈ నగరపు పేటలలో మగ్గాల చప్పుడు నడుమ జీవనం సాగించాయి. ఈ నేతనగరమే ప్రపంచానికి ఒక మహావైద్యుని కూడా అందించింది. ఆయనే డాక్టర్ ద్వారకానాథ్ శాంతారామ్ కోట్నీస్.

కోట్నీస్ 1910 అక్టోబరు 10న షోలాపురంలో ఒక మరాఠీ మధ్యతరగతి కుటుంబంలో జన్మించారు. తండ్రి శాంతారామ్ ఇక్కడి బట్టల మిల్లులో ఉద్యోగి. సోదరులు, సోదరీమణులతో నిండిన పెద్ద సంసారం వారిది. ఆయన యౌవనంలో అడుగుపెట్టే నాటికి షోలాపురం స్వాతంత్ర్యోద్యమంలో ముందు నిలిచింది. 1930లో నగరంలో సైనిక శాసనం అమలైంది. 1931 జనవరి 12న మల్లప్ప ధన్‌శెట్టి, జగన్నాథ్ శిందే, కుర్బాన్ హుసేన్, శ్రీకిషన్ సార్దాలు యెరవాడ కారాగారంలో ఉరికంబమెక్కారు. అటువంటి కాలంలో పెరిగిన కోట్నీస్ బొంబాయిలోని సేఠ్ గోర్ధన్‌దాస్ సుందర్‌దాస్ వైద్య కళాశాలలో విద్య పూర్తిచేశారు.

1937లో జపాను సేనలు చైనాపై విరుచుకుపడ్డాయి. వైద్యులను పంపవలసినదిగా చైనా సేనాని జూ డె జవహర్‌లాల్ నెహ్రూను అర్థించారు. 1938లో కాంగ్రెసు అధ్యక్షులైన సుభాష్ చంద్రబోసు దేశప్రజలకు పిలుపునివ్వగా విరాళాలు సమకూడాయి. అటల్, చోల్కర్, బసు, ముఖర్జీ, కోట్నీస్ అనే ఐదుగురు వైద్యుల బృందం 1938 సెప్టెంబరు 1న బొంబాయి రేవు నుండి ఓడలో బయలుదేరింది. వారిలో కోట్నీస్ ఇరువది ఎనిమిదేండ్లు నిండని యువకుడు.

చైనా చేరిన కొద్ది మాసాలకే ఆయనకు కఠినపరీక్ష ఎదురైంది. తండ్రి మరణించిన వార్త అందింది. ఇంటికి మరలి వెళ్ళమని తోడివారు సలహా ఇచ్చారు. తల్లినీ, తోబుట్టువులనూ తలచుకొని ఆయన ఎంత కుమిలిపోయి ఉంటారో ఊహింపదగినదే. కుటుంబంపై మమకారం లేక కాదు, చేపట్టిన బాధ్యతను నడిమధ్య విడువలేక ఆయన ముందుకే సాగారు. 1939 ఫిబ్రవరిలో ఆ బృందం యెనాన్ చేరుకొన్నది. అటుపై కోట్నీస్ ఉత్తర చైనా కొండసీమలలో ఎనిమిదవ దళ సైన్యానికి వైద్యసేవలు అందించారు.

అక్కడ మందులు తక్కువ, పరికరాలు తక్కువ, క్షతగాత్రులు మాత్రం అసంఖ్యాకులు. 1940లో జరిగిన ఒక సుదీర్ఘ పోరాటంలో ఆయన నిద్రాహారాలు లెక్కచేయక 72 గంటల పాటు ఎడతెరిపి లేకుండా శస్త్రచికిత్సలు చేశారని, ఆ సమరంలో 800 మందికి పైగా గాయపడినవారికి చికిత్స చేశారని ప్రతీతి. బృందంలో ముగ్గురు ముందుగానే స్వదేశానికి మరలినా కోట్నీస్ నిలిచిపోయారు. చైనా భాష నేర్చి, ఆ భాషలోనే విద్యార్థులకు శస్త్రచికిత్స బోధించారు. కెనడా వైద్యుడు నార్మన్ బెత్యూన్ పేర వెలసిన అంతర్జాతీయ శాంతి వైద్యశాలకు 1941లో ఆయన సంచాలకులయ్యారు.

ఆ వైద్యశాలలోనే నర్సుగా పనిచేస్తున్న గువో చింగ్‌లాన్ ఆయనకు పరిచయమైంది. 1941లో వారి వివాహం జరిగింది. 1942 ఆగస్టు 23న కుమారుడు కలిగాడు. యిన్ అనగా భారతదేశం, హువా అనగా చైనా. రెండు దేశాలనూ కలిపి ఆ శిశువుకు యిన్‌హువా అని నామకరణం చేశారు. యుద్ధభూమిలో అమరిన ఆ చిన్న సంసారమే ఆయనకు దొరికిన గృహసుఖం.

అది ఎంతో కాలం నిలువలేదు. తీరిక లేని శ్రమతో ఆరోగ్యం క్షీణించి, మూర్ఛవ్యాధి ముదిరింది. 1942 డిసెంబరు 9న, ముప్పది రెండేండ్ల వయస్సులో, ఆయన కన్నుమూశారు. అప్పటికి కుమారుని వయస్సు నాలుగు నెలలైనా నిండలేదు. ఐదుగురు వైద్యులలో తిరిగిరానివారు ఆయన ఒక్కరే. విధి వక్రించి యిన్‌హువా కూడా 1967లో వైద్యవిద్య అభ్యసిస్తూ అకాలమరణం పాలయ్యాడు. శ్రీమతి గువో భర్త దేశంతో అనుబంధం విడువక, పలుమార్లు భారతదేశానికి వచ్చి కోట్నీస్ కుటుంబాన్ని కలుసుకొంటూ, 2012లో పరమపదించారు.

1946లో వి. శాంతారామ్ ఆయన జీవితాన్ని చలనచిత్రంగా మలిచారు. 1982లో చైనా, 1993లో భారతదేశం ఆయన స్మృత్యర్థం తపాలా బిళ్ళలు వెలువరించాయి. చైనాలోని షిజియాజువాంగ్ అమరవీరుల స్మశానవాటికలో ఆయన సమాధి ఉన్నది. షోలాపురంలో ఆయన జన్మగృహం స్మారకమందిరంగా రూపొందింది.

పడుగు ఒక చోట పోసి, పేక మరొక చోట అందుకొన్నా వస్త్రం ఒక్కటే. షోలాపురంలో మొదలైన కోట్నీస్ జీవితం పరదేశంలో ముగిసినా అది ఒక్కటే నిండు వస్త్రం. పనిలో దీక్ష, ఇంటివారిపై ప్రేమ పరస్పర విరుద్ధాలు కావని ఆ జీవితం చాటుతున్నది. రేయింబవళ్ళు మగ్గం ముందు శ్రమించి పిల్లలను బడికి పంపిన తల్లిదండ్రులకు ఈ సత్యం కొత్త కాదు. ఆ పిల్లలు ఏ వృత్తి చేపట్టినా, ఏ దేశమేగినా, తమ ఊరివాడైన ఈ వైద్యుని స్మరించుకొనుట వారికి గర్వకారణం, కర్తవ్యబోధకం కాగలదు.