మూడవ సాలార్ జంగు గారి పచ్చని పింగాణి

హైదరాబాదు సంస్థానమునకు దివానుల నొసగిన వంశమున మీర్ యూసుఫ్ అలీఖాన్ గారు 1889 వ సంవత్సరము జూన్ 13 వ తేదిని జన్మించిరి. వీరే మూడవ సాలార్ జంగు. వీరు పుట్టిన నెల తిరుగకమునుపే తండ్రి గతించెను. 1912 లో నిజాము ప్రభువు వీరిని ప్రధానమంత్రిగా నియమించెను. 1914 లో వీరా పదవిని విడిచిరి. వివాహమాడలేదు. తాతగారు 1876 లో రోమునందు కొనిన మేలిముసుగు రెబెక్కా విగ్రహము మొదలగువానిని వారసత్వముగా పొంది, వానికి దేశదేశముల కళావస్తువులను జీవితాంతము చేర్చుచుండిరి.

ఆ నిధిలో చీనాదేశపు పచ్చని పింగాణి యొకటి. దీనిని మనదేశమున గోరీ పాత్రలందురు. జెజియాంగు మండలములోని లోంగ్‌చువాన్ ఆవములు వీనికి ప్రసిద్ధములు. అచట చేసిన పళ్లెములు, గిన్నెలు ఓడలమీద హిందూదేశమునకును అరబ్బు దేశములకును వచ్చెడివి. విషాన్నము తగిలినచో ఈ పాత్రలు పగులుననియో, రంగు మారుననియో పూర్వులు నమ్మిరి. కుట్రలకు వెరచు ప్రభువులు వీనిని కోరి కొనుటకు అదియు నొక కారణము.

ఆ నమ్మకము నిజము కాదు. నిజమైన వింత నిప్పులో నున్నది. పాత్రపై పూసిన గాజుపూతలో ఇనుము కొంచెము కలిసియుండును. ఆవములో గాలి చాలకుండ కాల్చినచో ఆ పూత ఆకుపచ్చ వన్నె దాల్చును. గాలి ధారాళముగా సోకినచో పసుపో గోధుమవర్ణమో అగును.

1949 మార్చి 2 వ తేదిని సాలార్ జంగు గారు సంతానము లేకయే కాలధర్మము నొందిరి. ఇంత సొత్తును వారసులు పంచుకొనియుండిన, అది నలుదిక్కుల చెదరిపోయెడిదే. అట్లు జరుగలేదు. 1951 డిసెంబరు 16 వ తేదిని జవహర్లాల్ నెహ్రూగారు దివాన్ దేవిడీలో ప్రదర్శనశాలను తెరచిరి. పిదప వారసులు ఆ సొత్తును ప్రభుత్వమునకు అప్పగించిరి. 1961 లో పార్లమెంటు శాసనముచే అది జాతీయ ప్రాముఖ్యముగల సంస్థయై, 1968 లో మూసీనది యొడ్డుననున్న నేటి భవనమునకు మారెను.

బాలబాలికలారా! 1998 లో సైబర్ టవర్స్ వెలసిన మాదాపురమున మీలో పెక్కుమంది తల్లిదండ్రులు పనిచేయుచున్నారు. ఒక సెలవుదినమున వారిని మూసీయొడ్డునకు తోడ్కొనిపొండు. ఒక్కరి భోగమునకై కూడిన పాత్రలు నేడు ఎల్లరి కన్నులకును పండుగ చేయుచున్నవి. చేజారిన పగులు మట్టిపాత్ర శతాబ్దములు నిలుచుటకు ఎందరి చేతులు జాగ్రత్త వహించెనో ఆ పచ్చని పళ్లెముల యెదుట నిలిచి యోచింపుడు.