మాటల పుట్టుక వెదికిన పల్లెటూరి పంతులు

స్కాట్లండు దక్షిణపు కొసన, ఇంగ్లండు పొలిమేరకు చేరువలో డెన్‌హోమ్ అనే చిన్న పల్లె ఉంది. 1837 ఫిబ్రవరి 7వ తేదీన ఆ పల్లెలో ఒక దర్జీ ఇంట జేమ్స్ మర్రే జన్మించారు. ఇంటి స్తోమత చాలక పద్నాలుగో ఏట బడి మానవలసి వచ్చింది గాని చదువు మానలేదు. లాటిను, ఫ్రెంచి, జర్మను భాషలను చాలవరకు స్వయంకృషితోనే నేర్చుకున్నారు. పదిహేడో ఏట హాయిక్ పట్టణంలో సహాయోపాధ్యాయులయ్యారు. ఇరవయ్యో ఏటనే ఒక పాఠశాలకు ప్రధానోపాధ్యాయులైనారు.

ఆ ప్రాంతపు పిల్లలకు ఇంట్లో ఒక పలుకు, బడిలో మరొక పలుకు. ఇంటి పలుకును మోటుదని చిన్నచూపు చూసేవారికి కొదవ లేదు. మర్రే మాత్రం దానినే పరిశోధనకు ఎన్నుకున్నారు. భార్య అనారోగ్యం వల్ల 1864లో లండను చేరి బ్యాంకు గుమాస్తాగా పని చేస్తున్నప్పుడూ ఆ పట్టు విడువలేదు. మరుసటి ఏడే ఆమె మరణించారు. తర్వాత ఆడా రుత్‌వెన్‌ను వివాహమాడి, 1870లో మిల్‌హిల్ పాఠశాలలో మళ్లీ ఉపాధ్యాయులైనారు. 1873లో తమ ప్రాంతపు మాండలికంపై గ్రంథం వెలువరించారు. స్కాట్లండు పల్లపు ప్రాంతాల పలుకూ, ఉత్తర ఇంగ్లండు పలుకూ ఒకే పాత భాష నుండి వచ్చినవనీ, రాజ్యాల నడుమ గీసిన గీత భాషను చీల్చలేదనీ అందులో చూపించారు. పొలిమేర పల్లెలో పుట్టినవాడికి గాక ఈ సంగతి మరెవరికి అంత తేటగా తెలుస్తుంది!

ఆంగ్ల భాషలోని ప్రతి మాటకూ చరిత్ర వ్రాయాలని లండనులోని భాషాశాస్త్ర సంఘం 1857లోనే సంకల్పించింది. ఆ పని కుంటుపడిన దశలో, 1879లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయం మర్రేను సంపాదకునిగా నియమించింది. పదేళ్లు, నాలుగు సంపుటాలు అని ఒప్పందం. పాత సంపాదకుల వద్ద నుండి రెండు టన్నుల చీటీలు వచ్చాయి. ఒక సంచిలో చచ్చిన ఎలుక, మరొక దానిలో పిల్లలతో కాపురమున్న చుంచు కనిపించాయట. ఒక అక్షరపు చీటీలు ఇటలీలో దొరికాయి. మరికొన్ని ఐర్లండులో పొయ్యి రాజేయడానికి ఖర్చయిపోయాయి.

మర్రే బడి తోటలో ఇనుప రేకుల పాక వేయించి, గోడల నిండా గూళ్లు అమర్చారు. పాత పుస్తకాలు చదివి, మాట కనిపించిన వాక్యాన్ని, గ్రంథం పేరుతో, సంవత్సరంతో చీటీపై వ్రాసి పంపమని లోకానికి విజ్ఞప్తి చేశారు. వేలాది చీటీలు వచ్చిపడ్డాయి. హత్యానేరంపై పిచ్చాసుపత్రిలో బందీగా ఉన్న మైనర్ అనే అమెరికా సైనిక వైద్యుడు పంపినవీ వాటిలో ఉన్నాయి. మర్రే దంపతుల పదకొండుమంది సంతానం కూడా చిల్లర డబ్బులకు చీటీలు సర్దేవారు.

చీటీలను సంవత్సరాల వరుసన పేర్చగానే మాట తన కథ తానే చెప్పేది. నేడు ‘మంచిది’ అనే అర్థంలో వాడే ‘నైస్’ ఒకప్పుడు తెలివితక్కువ మనిషిని సూచించేది. తర్వాత నాజూకు, సూక్ష్మం అనే అర్థాలు దాటుకుని నేటి అర్థానికి చేరింది. ‘సిల్లీ’ అంటే పూర్వం ధన్యుడు. ‘గర్ల్’ అంటే ఆడైనా మగైనా పసిబిడ్డ. జింకకు పేరైన ‘డీర్’ అప్పట్లో ఏ జంతువుకైనా చెల్లేది. మన పందికొక్కు ‘బాండికూట్’ అయి ఆ నిఘంటువులో చోటు సంపాదించింది. దాని పుట్టిల్లు తెలుగని అందులోనే వ్రాసి ఉంది. వాడుక తప్పిన మాటను కూడా మర్రే తీసివేయలేదు. వాడుకలో లేదని గుర్తు పెట్టి దాని బ్రతుకంతా వ్రాశారు. ఇన్ని జాగ్రత్తల మధ్యనూ దాసి అనే అర్థమున్న ‘బాండ్‌మెయిడ్’ చీటీలు తప్పిపోయాయి. ఆ మాట 1933 నాటి అనుబంధంలో గాని చేరలేదు.

అయిదేళ్ల శ్రమకు 1884లో వెలువడినది ‘ఏ’ అక్షరంలో కొంత భాగమే, 352 పుటలు. ఆలస్యానికి ముద్రణాలయం ఒత్తిడి పెరిగింది. బడి ఉద్యోగం వదలి 1885లో ఆక్స్‌ఫర్డు చేరారు. అక్కడ పొరుగువారి అభ్యంతరం వల్ల కొత్త పాకను నేలలోకి మూడడుగులు దించి కట్టవలసి వచ్చింది. ఆ చెమ్మలో, చలిలో ఆయన ముప్పై ఏళ్లు కూర్చున్నారు. 1908లో సర్ బిరుదు లభించింది.

ఎనభయ్యో ఏటికి పని ముగించాలని ఆయన ఆశ. 1915 జూలై 26న, డెబ్బై ఎనిమిదో ఏట కన్నుమూశారు. అప్పటికి దాదాపు సగం నిఘంటువు ఆయన చేతి మీదుగా సాగింది. చివరిగా పని చేసినది ‘టి’ అక్షరంపై. మిగిలినది బ్రాడ్లీ, క్రేగీ, ఆనియన్స్ పూర్తి చేశారు. నాలుగు లక్షలకు పైబడిన మాటలతో ఆ నిఘంటువు 1928లో సమాప్తమైంది.