షౌడిన్ చూసిన అమీబా

జువాలజీ ప్రాక్టికల్స్‌లో మనమందరం చూసిన స్లైడు ఒకటుంది. ఎంటమీబా హిస్టోలిటికా. రికార్డులో పెన్సిలుతో బొమ్మ గీసి, కేంద్రకానికి గీత లాగి, లెక్చరరు గారి సంతకం పెట్టించుకుని, ఆ సాయంత్రమే మరచిపోయాం. ఆ జీవికి ఆ పేరు పెట్టిన శాస్త్రజ్ఞుడు ముప్పై నాలుగేళ్లకే దాని వల్లనే ప్రాణం పోగొట్టుకున్నాడని నాకు మొన్నమొన్నటిదాకా తెలియదు. ఆయన పేరు ఫ్రిట్జ్ షౌడిన్.

ఆయన దగ్గరికి నేను పుస్తకాల దారిన పోలేదు. మాది వ్యవసాయ కుటుంబం. నిరుడు నాట్లప్పుడు మా నాన్నగారికి జిగట విరేచనాలు పట్టుకున్నాయి. పొలంలో దాహమేస్తే కాలవ నీళ్లే దోసిట పట్టి తాగడం మావాళ్లకి అలవాటు. టౌనులో పరీక్ష చేయిస్తే అమీబా ఉందని చీటీ రాసిచ్చారు. మందులు వాడితే తగ్గింది. నెల తిరక్కుండా మళ్లీ పరీక్ష చేయిస్తే మళ్లీ అదే చీటీ. మనిషి బాగానే ఉన్నాడు, చీటీ మాత్రం మారలేదు. భయంకొద్దీ రెండోసారి, మూడోసారి కూడా బిళ్లలు మింగారు. నోరు చేదు, అన్నం సయించదు. నాట్లు కూలీల మీద వదిలేశారు. ఆ చీటీ ఎంతవరకు నిజమని వెతకబోతే ఈ కథ దొరికింది.

కథకి మొదలు కూడా ఒక రైతే. రష్యా ఉత్తరాన ఆర్ఖాంగెల్స్క్ ప్రాంతం నుంచి వచ్చిన ఒక యువ రైతు, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో రక్త విరేచనాలతో ఆస్పత్రి పాలయ్యాడు. డాక్టరు లోష్ అతని మలంలో కదిలే అమీబాలని చూసి, 1875లో ఆ సంగతి ప్రచురించాడు. రోగి బతకలేదు. ఆ మలాన్ని కుక్కలకి ఎక్కిస్తే ఒకదాని పేగుల్లో పుండ్లు లేచాయి. అయినా రోగానికి మూలకారణం అమీబాయేనని లోష్ గట్టిగా చెప్పలేకపోయాడు. పైగా, ఆరోగ్యంగా తిరిగేవాళ్ల కడుపుల్లో కూడా అమీబాలు కనిపిస్తూ ఉండేవి. ఒకరిని చంపేది ఇంకొకరిని ఏమీ చెయ్యకపోవడమేమిటి? ముప్పై ఏళ్లపాటు వైద్యులకి ఇదే చిక్కు.

షౌడిన్ 1871లో అప్పటి తూర్పు ప్రష్యాలో పుట్టాడు. బెర్లిన్ వెళ్లి మొదట భాషాశాస్త్రంలో చేరి, తరవాత జంతుశాస్త్రానికి మారాడు. 1894లో డాక్టరేటు వచ్చింది. 1898లో ఆర్కిటిక్ సముద్రానికి పోయి అక్కడి జీవుల్ని సేకరించుకొచ్చాడు. 1901లో ఏడ్రియాటిక్ తీరాన రొవీన్యోలో ఉన్న పరిశోధన కేంద్రానికి పంపారు. అప్పుడది ఆస్ట్రియా సామ్రాజ్యంలోది, నేడు క్రొయేషియాలో ఉంది. అక్కడే మలేరియా మీదా, పేగుల్లో ఉండే అమీబాల మీదా పనిచేశాడు.

1903లో ఆయన తేల్చిందేమిటంటే, మనిషి పేగుల్లో ఉండేది ఒక అమీబా కాదు, రెండు. ఒకటి ఎంటమీబా కోలి, అది హాని చెయ్యదు. రెండోది కణజాలాన్ని కరిగించుకుంటూ పోతుంది. అందుకే దానికి హిస్టోలిటికా అని పేరు పెట్టాడు. ఈ పరిశోధనల కోసం ఆయన తన శరీరాన్నే ప్రయోగశాల చేసుకున్నాడు. అమీబాలని తానే మింగాడు.

తరవాత బెర్లిన్‌లో ప్రభుత్వ ఆరోగ్య సంస్థలో చేరాడు. 1905 మార్చిలో ఎరిక్ హాఫ్‌మన్ అనే డాక్టరుతో కలిసి సవాయి రోగం, అంటే సిఫిలిస్, కలిగించే సన్నని మెలికల క్రిమిని కనిపెట్టాడు. అప్పటికే ఎందరో వెతికి పట్టుకోలేకపోయిన క్రిమి అది. ప్రపంచమంతా ఆయన పేరు మోగిపోయింది. 1906లో హాంబర్గ్‌లోని ఉష్ణమండల వ్యాధుల సంస్థకి మారాడు. ఆ వసంతంలోనే లిస్బన్ వైద్య మహాసభకి వెళ్లి, తిరుగు ప్రయాణంలో ఓడలోనే జబ్బుపడ్డాడు. అమీబా లోపల చీముగడ్డలు కట్టించింది. ఆపరేషన్ చేసినా లాభం లేకపోయింది. జూన్ 22న హాంబర్గ్‌లో కన్నుమూశాడు. ఆ అమీబా మీద ఎమెటిన్ ఇంజెక్షను పనిచేస్తుందని కలకత్తాలో లెనార్డ్ రోజర్స్ చూపించింది 1912లో. ఆరేళ్లు ఆలస్యమైంది.

గొప్పవాళ్లు తప్పు చెయ్యరనుకోకూడదు. హిస్టోలిటికా చిన్న చిన్న మొగ్గలు తొడిగి వ్యాపిస్తుందని షౌడిన్ రాశాడు. అది తప్పని తరవాతివాళ్లు తేల్చారు. దానికీ సిస్టులే ఉంటాయి. హిస్టోలిటికా సిస్టులో నాలుగు కేంద్రకాలు, కోలి సిస్టులో ఎనిమిది. మనం రికార్డులో వేసిన బొమ్మ అదే.

అయినా పాత చిక్కు పూర్తిగా వీడలేదు. 1913లో మనీలాలో 20 మందికి హిస్టోలిటికా అనుకున్న సిస్టులు మింగిస్తే, 18 మందికి సోకింది గాని, విరేచనాలు పట్టుకున్నది నలుగురికే. 1925లో ఫ్రాన్సుకి చెందిన ఎమిల్ బ్రంప్ట్, నాలుగు కేంద్రకాల అమీబాల్లో కూడా రెండు జాతులున్నాయని, హాని చెయ్యనిదాని పేరు ఎంటమీబా డిస్పార్ అని అన్నాడు. సూక్ష్మదర్శినిలో రెండూ ఒక్కలాగే ఉంటే ఎవరు నమ్ముతారు? ఎవరూ నమ్మలేదు. ఎంజైములూ, జన్యువులూ పరీక్షించాక, 1993లో ఆయన మాటే నిజమని ఒప్పుకున్నారు. షౌడిన్ ఒకటనుకున్నదాన్ని రెండు చేశాడు. జన్యుశాస్త్రం దాన్ని ఇంకోసారి విడదీసింది. అమీబా కడుపులో ఎర్ర రక్తకణాలు కనిపిస్తే హిస్టోలిటికా అని గట్టిగా అనుమానించవచ్చు. సిస్టులు మాత్రమే కనిపిస్తే కంటితో తేల్చడం కుదరదు.

2020లో కరోనా పుణ్యమా అని పి.సి.ఆర్. అనే మాట పల్లెల్లో కూడా అందరికీ తెలిసింది. అమీబాకీ ఆ పద్ధతే. నీటి విషయంలో అయితే కొన్ని లీటర్లు వడగట్టి, మిగిలిన మడ్డిలోంచి డి.ఎన్.ఏ. తీస్తారు. ఆ జాతికే ఉండే జన్యుభాగాన్ని పట్టుకుని రెట్టింపు చేసుకుంటూ పోతారు. ముప్పైసార్లు రెట్టిస్తే ఒక్క ముక్క వంద కోట్లు దాటుతుంది. అంటే కంటికి ఆనవాలు చిక్కని సిస్టుని దాని జన్యువే పట్టిస్తుంది. ఒక లోపం లేకపోలేదు. ఆ సిస్టు బతికుందో చచ్చిందో ఈ పరీక్ష చెప్పదు. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. మామూలుగా నీళ్లలో కలిపే క్లోరినుకి సిస్టులు తేలిగ్గా చావవు. కాచిన నీళ్లలో మాత్రం చస్తాయి.

మా నాన్నగారి కడుపులో చివరికి మిగిలింది హిస్టోలిటికానో డిస్పారో ఇక ఎప్పటికీ తెలియదు. ఆ చీటీ రాసినాయన్ని తప్పుపట్టను. ఆయన చేతిలో ఉన్నది షౌడిన్ కాలపు సాధనమే. నూట ఇరవై ఏళ్లు దాటినా రైతు దగ్గరికి వచ్చేసరికి ఆ సాధనమే మిగలడం నాకు బాధ. సైన్సు చదివే మనలో ఒకరిద్దరైనా జన్యు పరీక్షని కాలవ గట్టు దాకా తీసుకుపోతే, షౌడిన్ ప్రాణానికి కొంత విలువ కట్టినవాళ్లమవుతాం. అందాకా ఇప్పుడు మా ఇంట్లో పొలానికి కాచిన నీళ్ల క్యాను వెళ్తోంది. మొయ్యడం బరువని నాన్నగారు సణుగుతూనే ఉన్నారు, తాగుతూనే ఉన్నారు.