చార్లెస్ కెటరింగు

మా చదువరులలో పాత మోటారుబండి గల యింటివారు కొందఱైన నుందురు. వారికీ చిక్కు క్రొత్త గాదు. తాళపుచెవి త్రిప్పినను ఇంజను పలుకదు. లేదా నడచుచున్న బండి గతుకులో బడగానే చప్పున నాగిపోవును. బ్యాటరీని జూతురు, కాయిలును జూతురు, లోపము కానరాదు. తుదకు తాళపుచెవి పెట్టెడు ఇగ్నిషన్ స్విచ్చిలోని లోహపుముక్కలు మాడి యరిగి, యొకదాని నొకటి సరిగా నంటకపోవుటయే కారణమని తేలును. నేర్పరియైన మేస్త్రీ మొదట బ్యాటరీ తీగ నూడదీసి, స్విచ్చి వెనుక నే తీగ యెచ్చట నుండెనో గుఱుతు వ్రాసికొని, పాతదానిని దీసి క్రొత్తదానిని బిగించును. బ్యాటరీ తీగ దీయకయే పనికి దిగినవాడు నిప్పురవ్వలను జూచి తెలివి దెచ్చుకొనును. ఆ స్విచ్చి వెనుకనున్న యేర్పాటును గల్పించిన మహాశిల్పి చరిత్ర నిచ్చట వ్రాయబూనితిమి.

చార్లెస్ ఫ్రాంక్లిన్ కెటరింగు 1876 ఆగస్టు 29వ తేదీని అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున, లౌడన్‌విల్ గ్రామసమీపమందు, ఒక సేద్యగాని యింట జన్మించెను. బాల్యమునుండియు ఆయన కన్నులు బలహీనములు. కొంతసేపు చదివినచో తలనొప్పి పట్టుకొనెడిది. అయినను పట్టుదలతో జదివి, పల్లెటూరి బడిలో నుపాధ్యాయుడై, పిదప ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయమున జేరెను. కన్నులు సహకరింపమిచే చదువు మధ్యలోనే మానవలసివచ్చెను. అప్పుడాయన టెలిఫోను తీగలు గట్టు కూలివారితో గలసి, గోతులు త్రవ్వి స్తంభములు నాటెడు పనికి గుదిరెను. బడిపంతులు పలుగు పట్టుట అవమానమని తలచువారు మన దేశమున నేటికిని లేకపోలేదు. కెటరింగు అట్లు తలపలేదు. ఆరుబయటి పనివలన కన్నులకు విశ్రాంతి దొరకెను. తీగలలో విద్యుత్తు నడచు తీరు చేతులకు దెలిసెను. మరల కళాశాలకు బోయి, తోడివారు పాఠములు చదువుచుండగా వినుచు, 1904లో, తన యిరువదియెనిమిదవ యేట, విద్యుద్యంత్రశాస్త్రమున బట్టము నొందెను.

అటుపిమ్మట డేటన్ నగరమందలి నేషనల్ క్యాష్ రిజిస్టరు కంపెనీలో నాయనకు నుద్యోగము లభించెను. అంగడులలో డబ్బు లెక్కించు పెట్టెను ఆ దినములలో చేతితో త్రిప్పుచుండిరి. దానిని విద్యుత్తుచే నడుపవలెనన్న పెద్ద మోటారు కావలెను; అంత మోటారునకు పెట్టెలో జోటు లేదు. కెటరింగు ఇట్లాలోచించెను. ఈ మోటారు దినమంతయు దిరుగవలసినది కాదుగదా, క్షణకాలము పనిచేసి విశ్రమించును. కావున చిన్నమోటారుపై దాని శక్తికి మించిన భారము నొక్కక్షణము మోపినను చెడిపోదు. చూచుటకు అల్పమైన యూహయే. కాని మా యభిప్రాయమున ఆయన జీవితమునందలి గొప్ప తలంపు ఇదియే.

ఆ కంపెనీలోనే పనిచేయు ఎడ్వర్డ్ డీడ్స్ అను మిత్రుని యింటివెనుక నొక కొట్టముండెను. పగలు కొలువు ముగియగనే కెటరింగును, మఱి కొందఱును అచ్చట జేరి రాత్రులు మోటారుబండి పరికరములపై శ్రమించుచుండిరి. 1909లో వీరి సంస్థకు డెల్కో అను పేరేర్పడెను. వారు మొదట సాధించినది ఇగ్నిషన్ పద్ధతి. స్విచ్చి వేయగనే బ్యాటరీనుండి విద్యుత్తు కాయిలులోని లావుపాటి చుట్టలో బ్రవహించును. పాయింట్లు విడిపోవు క్షణమున ఆ ప్రవాహము తెగి, సన్నని తీగ చుట్టలో వేలకొలది వోల్టుల యొత్తిడి పుట్టును. అది డిస్ట్రిబ్యూటరుద్వారా స్పార్కు ప్లగ్గును జేరి రవ్వయై యెగురును. కాడిలాకు కంపెనీ యధిపతి హెన్రీ లీలండు వీరి యిగ్నిషన్ పరికరములను వేలసంఖ్యలో గొనెను.

అయినను ఇంజనును మేల్కొలుపుటకు బండి ముందు నిలిచి యినుప హ్యాండిలు త్రిప్పవలసియే యుండెను. రవ్వ యొకింత ముందుగా బుట్టినచో ఇంజను వెనుకకు దన్నును. హ్యాండిలు విసరున దిరిగి మనికట్టును, ఒక్కొక్కప్పుడు దవడను విఱుగగొట్టును. లీలండు స్నేహితుడొకడు దారిలో నాగిన బండికి సాయపడబోయి యిట్లే దెబ్బతిని మరణించెననియు, ఆ దుఃఖముచేతనే లీలండు కెటరింగు నాశ్రయించెననియు నొక కథ ప్రచారమున నున్నది. దవడలు విఱుగుట మాత్రము కథ కాదు. ఇంజనును త్రిప్పగల మోటారు ఇంజనంతటిది కావలెనని శాస్త్రజ్ఞులు వాదించిరి. కెటరింగునకు డబ్బుపెట్టె జ్ఞప్తికి వచ్చెను. ఇంజను తొలుదొల్త దిరుగుటకును కొన్ని క్షణములే చాలును! 1911 ఫిబ్రవరిలో స్వయంచాలకమగు స్టార్టరు కాడిలాకు బండిపై బనిచేసెను. 1912 నమూనా బండ్లలో నది యమర్పబడెను. బండి నడచునపుడు ఆ మోటారే డైనమోయై బ్యాటరీని నింపెడిది. దేహబలము లేనివారును, స్త్రీలును తమంతట బండిని నడుపుటకు దారి యేర్పడెను. తాళపుచెవి త్రిప్పుటతోనే స్టార్టరును గదలించు స్విచ్చి మాత్రము 1949లో క్రైస్లరు బండ్లతో వచ్చినది.

జనరల్ మోటార్సు పరిశోధనశాలకు కెటరింగు 1920 మొదలు 1947 వఱకు నధిపతిగా నుండెను. ఆయన ప్రోత్సహించిన గాలిచే జల్లబడు ఇంజను 1923లో విఫలమై, అమ్మిన బండ్లను వెనుకకు దెప్పింపవలసివచ్చెను. అంతకంటె ఘోరమైన దింకొకటి యున్నది. దానిని దాచుట మాకిష్టము లేదు. ఇంజనులోని తట్టుడు నాపుటకై ఆయన శిష్యుడు థామస్ మిడ్జిలీ 1921లో పెట్రోలున సీసపు ద్రవమును గలిపి చూచెను, ఫలించెను. సీసము విషమని యెల్లరెఱుగుదురు. 1924లో న్యూజెర్సీలోని యొక కర్మాగారమున ఆ ద్రవముచే పనివాండ్రు మతిదప్పి, ఐదుగురు మరణించిరి. అయినను కెటరింగు దానిని సమర్థించెను. బండ్లపొగలో సీసము దశాబ్దములపాటు బిడ్డల రక్తమున జేరెను. మన దేశమున సీసపు పెట్రోలు 2000లోను, లోకమంతట 2021లోను నిలిచిపోయెను. విఱుగబోవు చేతుల గాపాడినవాడే యీ పనియు జేసెను. క్యాన్సరు పరిశోధనకై 1945లో న్యూయార్కులో స్థాపింపబడిన శాల ఆయన పేరును ధరించియున్నది. అదియు నీ చరిత్రలోని భాగమే.

1958 నవంబరు 25వ తేదీని కెటరింగు డేటనులో మరణించెను. ఆ కాలముననే మన దేశమున అంబాసిడరు బండి తయారుకాజొచ్చెను. దాని ముందుమూత యెత్తి చూచినచో ఆ కాయిలు, ఆ పాయింట్లు, ఆ డిస్ట్రిబ్యూటరు. ముందుపలకపై ఆ తాళపుచెవి.