గగన విహారిణి బెస్సీ కోల్‌మన్

బెస్సీ కోల్‌మన్ 1892వ సంవత్సరం జనవరి 26న అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో ఒక నిరుపేద నల్లజాతి కుటుంబంలో జన్మించింది. తల్లిదండ్రులకు పదముగ్గురు సంతానం. ఇతరుల భూమిని పాలుకు సాగు చేసే కుటుంబం కావడంతో, ప్రత్తి తీసే రోజులు వస్తే పిల్లల చదువు ఆగిపోయేది. యౌవనంలో ఆమె షికాగో నగరం చేరి, ఒక క్షౌరశాలలో గోళ్ళు తీర్చిదిద్దే పనితో పొట్ట పోసుకొంది. మొదటి ప్రపంచ యుద్ధం నుండి తిరిగి వచ్చిన సోదరుడు, ఫ్రెంచి స్త్రీలు విమానాలు నడుపుతారని చెప్పి ఆమెను ఎగతాళి చేశాడు. ఆ ఎత్తిపొడుపే ఆమెలో పట్టుదలను రేపింది.

స్వదేశంలో ఏ శిక్షణాలయమూ ఆమెను చేర్చుకోలేదు. నల్లజాతికి చెందడం ఒక కారణం, స్త్రీ కావడం మరొక కారణం. ఆమె ఫ్రెంచి భాష నేర్చుకొని, 1920 నవంబరులో ఫ్రాన్స్‌కు ఓడనెక్కింది. తోటి విద్యార్థి ఒకరు విమాన ప్రమాదంలో మరణించడం కళ్ళారా చూసి కూడా శిక్షణ మానలేదు. 1921 జూన్ 15న అంతర్జాతీయ లైసెన్సు పొంది, ఆ ఘనత సాధించిన తొలి నల్లజాతి అమెరికన్ స్త్రీగా నిలిచింది.

ఆ కాలంలో విమాన విన్యాసాలు తిరునాళ్ళ వేడుకల వంటివి. యుద్ధానంతరం సైన్యం చౌకగా అమ్మివేసిన ‘జెన్నీ’ విమానాలతో చోదకులు ఊరూరా తిరిగి పల్టీలు కొట్టేవారు. ప్రదర్శన ముగిశాక రుసుము తీసుకొని ప్రేక్షకులను ఎక్కించుకొని తిప్పేవారు. చోదకునికి లైసెన్సు ఉండాలనీ, విమానానికి తనిఖీ జరగాలనీ కేంద్ర చట్టమేదీ లేదు. 1925లో హ్యూస్టన్‌లో ప్రదర్శన ఇచ్చిన తరువాత కోల్‌మన్ కూడా అలా ఎందరినో ఆకాశానికి తీసుకుపోయింది. వారిలో పలువురు విమానం ఎక్కడం అదే మొదటిసారి. అంతకు రెండేళ్ళ క్రితం కాలిఫోర్నియాలో ఇంజను ఆగి తన విమానం కూలినప్పుడు ఆమె కాలు విరిగింది. యంత్రం ఎంతవరకు నమ్మదగినదో ఆమెకు అనుభవపూర్వకంగా తెలుసు.

1926లో జాక్సన్‌విల్ నగరంలో ఒక ప్రదర్శన ఏర్పాటయింది. ఆమె వాయిదాలపై కొన్న పాత జెన్నీని యంత్ర నిపుణుడు విలియం విల్స్ డల్లాస్ నుండి నడుపుకొని వచ్చాడు. దారిలో ఇంజను మొరాయించి అది పలుమార్లు దిగవలసి వచ్చింది. ఏప్రిల్ 30 ఉదయం విల్స్ విమానం నడుపగా, కోల్‌మన్ ప్రయాణికురాలిగా కూర్చుంది. మరునాడు పారాచూట్‌తో దూకవలసిన స్థలాన్ని వంగి చూడడానికి వీలుగా ఆమె బెల్టు పెట్టుకోలేదు. కొంతసేపటికి విమానం హఠాత్తుగా ముక్కు వాల్చి, గిరగిర తిరుగుతూ తలక్రిందులయింది. అటువంటి క్షణంలో మనిషిని ఆసనానికి పట్టి ఉంచేది బెల్టు ఒక్కటే. ఆమె జారి పడి మరణించింది. విమానం నేలకూలి విల్స్ కూడా ప్రాణం కోల్పోయాడు. లోపల విడిచిపెట్టిన ఒక పానా నియంత్రణ యంత్రాంగంలో ఇరుక్కొన్నదని తరువాత తేలింది.

విమానం ఆమెది, నడిపినవాడు విల్స్. స్థలం చూడాలన్న ఆమె ఆత్రుత సహజమే. కాని బెల్టు లేని వ్యక్తితో బయలుదేరకుండా ఆగవలసింది చోదకుడే. నాటి చోదకులలో ఎందరో ఆ పట్టింపు లేనివారే కనుక, తప్పంతా అతనిపైనే మోపడం న్యాయం కాదు.

ఆమె మరణించిన ఇరవై రోజులకు, 1926 మే 20న, అమెరికాలో విమానయాన వాణిజ్య చట్టం వచ్చింది. దాని సన్నాహాలు ముందే సాగుతున్నందున ఆమె మరణమే కారణమని చెప్పలేము. చోదకులకు లైసెన్సు, విమానాలకు తనిఖీ ఆ చట్టంతోనే మొదలయ్యాయి. నేటి అమెరికా నిబంధనల ప్రకారం, బెల్టు ఎలా బిగించాలో, ఎలా విప్పాలో ప్రయాణికునికి వివరించకుండా చోదకుడు విమానం లేపరాదు. ప్రయాణికునితో 60 డిగ్రీలకు మించి ప్రక్కకు వాలే విన్యాసం చేయాలంటే, లోపలి వారందరూ పారాచూట్ ధరించి ఉండాలి.