కాకినాడ కాంగ్రెసు అధ్యక్షులు మౌలానా మహమ్మద్ అలీ

మహమ్మద్ అలీ అనగానే మన మనవలకు గుర్తుకొచ్చేది 1964లో ఆ పేరు పెట్టుకున్న అమెరికా బాక్సరు. మన వయసు వారికి జిన్నా. ఖురానును ఇంగ్లీషులోకి అనువదించి 1917లో ప్రచురించిన లాహోరు పండితుడూ మౌలానా మహమ్మద్ అలీయే. 1953 నుండి 1956 వరకు పాకిస్తానులో వరుసగా ఇద్దరు ప్రధానులది ఇదే పేరు. ఇందరి మధ్య, మన ఆంధ్రదేశంతో నిజమైన సంబంధం ఉన్న మహమ్మద్ అలీని మనమే మరచిపోయాము. ఉర్దూ కవిగా ఆయన కలంపేరు జౌహర్.

ఆయన 1878 డిసెంబరు 10న రాంపూర్‌లో జన్మించారు. పసితనంలోనే తండ్రి పోయారు. తల్లి ఆబాదీ బానో బేగం తన నగలు తాకట్టు పెట్టి పిల్లలకు ఇంగ్లీషు చదువు చెప్పించింది. బీ అమ్మగా దేశమంతా ఎరిగిన తల్లి ఆమె. అలీగఢ్ తరువాత ఆక్స్‌ఫర్డులో చరిత్ర చదివినా, ఐ.సి.ఎస్. పరీక్ష మాత్రం గట్టెక్కలేదు. తిరిగి వచ్చి రాంపూర్‌లో విద్యాశాఖలోను, పిదప బరోడా సంస్థానంలోను ఉద్యోగం చేశారు. అటువంటి ఉద్యోగం వదులుకుని 1911లో కలకత్తాలో 'కామ్రేడ్' వారపత్రిక పెట్టారు. నెల తిరిగేసరికి జీతం అందే కొలువు విడిచి, ఎప్పుడు జప్తు అవుతుందో తెలియని పత్రికను నమ్ముకోవడమంటే ఏమిటో సర్వీసు చేసిన మనకు వేరే చెప్పనక్కరలేదు. అనుకున్నట్లే 1914లో టర్కీపై వ్రాసిన వ్యాసానికి పత్రిక ధరావతు ప్రభుత్వం జప్తు చేసింది. 1915 నుండి 1919 చివరివరకు అన్నగారు షౌకత్ అలీతోపాటు నిర్బంధంలో గడిపారు.

1920లో జామియా మిల్లియా స్థాపకులలో ఒకరై, దానికి మొదటి వైస్ ఛాన్సలరు అయ్యారు. మరుసటి ఏడు సెప్టెంబరులో గాంధీగారితో కలిసి మద్రాసు వెళుతూ ఉండగా మన వాల్తేరు స్టేషనులో పోలీసులు ఆయనను అరెస్టు చేశారు. వెంట ఉన్న భార్య వెనుదిరగలేదు, గాంధీగారితో మద్రాసు ప్రయాణం కొనసాగించింది. బ్రిటిషు సైన్యంలో చేరడం ముస్లిములకు తగదన్న కరాచీ తీర్మానానికిగాను ఆయనకు రెండేళ్ళ కఠిన శిక్ష పడింది.

విడుదలైన కొద్ది నెలలకే, 1923 డిసెంబరులో, కాకినాడ కాంగ్రెసుకు అధ్యక్షత వహించారు. బాలిక దుర్గాబాయి టిక్కెట్టు లేదని నెహ్రూగారిని ప్రదర్శనశాల గుమ్మంలో ఆపేసిన సభ అదే. జవహర్‌లాల్‌ను పట్టుబట్టి కాంగ్రెసు కార్యదర్శిగా చేసినదీ ఈ అధ్యక్షుడే.

ఆ స్నేహం నిలవలేదు. 1928లో నెహ్రూ రిపోర్టు దగ్గర, ముఖ్యంగా ప్రత్యేక నియోజకవర్గాల విషయంలో, ఆయన కాంగ్రెసుకు దూరమయ్యారు. హిందూ ముస్లిం ఐక్యతకు జైళ్ళు అనుభవించిన మనిషి అలా విడిపోవడం నాకు ఆయన జీవితంలోకెల్లా విచారకరమైన ఘట్టంగా తోస్తుంది. తప్పు ఒక్క వైపుదే అనలేము.

1930లో మధుమేహంతో కృశించి, డాక్టర్లు వద్దన్నా రౌండ్ టేబుల్ సమావేశానికి లండన్ వెళ్ళారు. బానిస దేశానికి తిరిగి వెళ్ళననీ, స్వాతంత్ర్యమైనా ఇవ్వండి లేదా సమాధికి చోటైనా ఇవ్వండనీ ఆ సభలో తెగేసి చెప్పారు. 1931 జనవరి 4న అక్కడే కన్నుమూశారు. భౌతికకాయాన్ని జెరూసలేముకు తీసుకువెళ్ళి ఖననం చేశారు.