డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

మేము ఉపాధ్యాయవృత్తిలో ప్రవేశించిన తొలి సంవత్సరములలో, ఏటేట ఒక దినమున ఆరోగ్యశాఖవారు పాఠశాలకు వచ్చి, బోదకాలు రాకుండుటకై బాలబాలికలకు చిన్న మాత్రలు ఇచ్చెడివారు. ఎవరు మ్రింగిరో, ఎవరు చెంపలో దాచుకొనిరో చూచుట మా పని. గంట మ్రోగిన పిమ్మట కిటికీల వెనుక మట్టిలో మాత్రలు కొన్ని కనబడుచుండెను. చేదనియు, తల తిరుగుననియు పిల్లలు సాకులు చెప్పెడివారు. ఆ మాత్ర ఎచ్చట పుట్టినదని అడిగినవారు ఒక్కరును లేరు. అడిగియున్నచో మేము సిగ్గుపడవలసి యుండెడిది. నాడు మాకును తెలియదు. పిమ్మట పుస్తకములు తిరుగవేయగా, ఆ మందును కనుగొన్న పరిశోధనశాలకు అధిపతియైనవాడు భీమవరమున పుట్టిన తెలుగువాడని తెలిసికొంటిమి. ఆయనయే డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఈ సంచికలో వారి చరిత్రమును మా విద్యార్థులకు వినిపింపగోరుచున్నాము.

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన పశ్చిమగోదావరి మండలమందలి భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు రెవిన్యూశాఖలో చిన్న ఉద్యోగి. తల్లి వెంకమ్మగారు. సంతానము అధికము, రాబడి స్వల్పము. బాలుడు చదువునందు శ్రద్ధ గలవాడు కాడు. పదుమూడేండ్ల ప్రాయమున, కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము గడింపవలెనని ఇల్లు విడిచి పారిపోయెను. తల్లి వెదకించి వెనుకకు రప్పించి, మరల బడిలో కూర్చుండబెట్టెను. ఆమె పట్టుదలయే లేకున్నచో మనము ఈ వ్యాసమును వ్రాయవలసిన పని యుండదు.

మెట్రిక్యులేషను పరీక్షలో వీరు రెండుమారులు తప్పిరి. ఈ మాటను మేము కావలెననియే వ్రాయుచున్నాము. పరీక్షాఫలితములు వెలువడిన దినమున మొగము చాటుచేసికొని పాఠశాల ఆవరణమునకు రాక తప్పించుకొను బిడ్డలను మేము ప్రతి సంవత్సరము చూచుచున్నాము. వారి తలిదండ్రులును ఈ సంచికను చదువుదురు. మూడవ పర్యాయము మద్రాసునందలి హిందూ హైస్కూలునుండి పరీక్షకు కూర్చుండి సుబ్బారావుగారు ఉత్తీర్ణులైరి. గోదావరి ప్రాంతమునుండి మద్రాసునకు పోవు రైలు మన తడ మీదుగానే పోవును. రెండుమారులు ఓడిన ఆ బాలుడు కూడ పులికాటు సరస్సు అంచున సాగు ఈ మార్గముననే పోయియుండునని తలచుకొన్నప్పుడు, ఆయన మనకు కొంత దగ్గరివాడైనట్లు తోచును.

పిమ్మట ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి, మద్రాసు వైద్యకళాశాలలో చేరిరి. మధ్యలో రామకృష్ణ మఠమున చేరి సన్న్యసింపవలెనను కోరిక పుట్టెనట, తల్లి అంగీకరింపలేదు. అది గాంధీమహాత్ముని పిలుపున విద్యార్థులు ఖద్దరు ధరించుచుండిన కాలము. సుబ్బారావుగారు శస్త్రచికిత్స తరగతికి సయితము ఖద్దరు అంగీతోనే పోయిరి. అది ఆంగ్లేయుడైన ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డునకు సరిపడలేదు. వ్రాతపరీక్షలలో చక్కగా నిలిచినను వీరికి ఎం.బి.బి.ఎస్. పట్టము లభింపక, తక్కువదగు ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించెను. ఆ కొరతవలన ప్రభుత్వ వైద్యశాఖలో తలుపులు మూసికొనెను.

అంతకంటె పెద్ద దెబ్బ ఇంటిలో తగిలెను. వీరి సోదరులు ఇరువురు, పురుషోత్తము, కృష్ణమూర్తి, కొలదిదినముల యెడముతో స్ప్రూ అను వ్యాధిచే మరణించిరి. ఈ వ్యాధిలో పేగులు ఆహారసారమును గ్రహింపజాలవు. రోగి తినుచునే క్షీణించును, విరేచనములు కట్టవు, నాలుక పుండగును, రక్తము పలుచబడును. నాటి వైద్యులయొద్ద దానికి మందు లేదు. సుబ్బారావుగారికిని ఆ వ్యాధి సోకగా, ఆయుర్వేద వైద్యులు డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారు చికిత్స చేసి నిలిపిరి. తరువాత వీరు మద్రాసు ఆయుర్వేద కళాశాలలోనే శరీరనిర్మాణశాస్త్రమును బోధించుచు కొంతకాలము గడపిరి. ఒకే యింటిలో ఒకే రోగము ఇరువురిని కొనిపోయి మూడవవానిని విడిచిపెట్టెను. ఏల విడిచెనో చెప్పగల శాస్త్రము నాడు లేదు.

అమెరికాకు పోయి ఉష్ణమండల వ్యాధులను గూర్చి చదువవలెనని నిశ్చయించుకొనిరి. 1919వ సంవత్సరమున శేషగిరి అను కన్యను వివాహమాడియుండిరి. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారును, కాకినాడయందలి మల్లాడి సత్యలింగము నాయకరుగారి ధర్మసంస్థవారును ధనసాహాయ్యము చేసిరి. కొలది సంవత్సరములలో తిరిగివత్తునని భార్యకు చెప్పి పయనమై, 1922 అక్టోబరు మాసమున బోస్టను నగరము చేరిరి. వారికి కలిగిన కుమారుడు శైశవముననే గతించెను. భార్యాభర్తలు మరల కలిసికొనలేదు. ఒకరు ఇరువదియారు సంవత్సరములు అచ్చట పని చేసిరి. ఒకరు ఇచ్చట ఎదురుచూచిరి. గొప్పవారి చరిత్రములు వ్రాయువారు ఇట్టి సంగతులను ఒక వాక్యముతో దాటిపోవుదురు. మేమును అంతకుమించి చేయజాలము గాని, దాటిపోవుచున్నామని యెరిగియే దాటుచున్నాము.

హార్వర్డు విశ్వవిద్యాలయమున చేరిన వీరికి వైద్యపట్టము చాలనందున వేతనముగల వైద్యోద్యోగము దొరకలేదు. పీటర్ బెంట్ బ్రిగ్‌హామ్ ఆసుపత్రిలో రాత్రివేళ సేవకుని పని చేసి, రోగుల పాత్రలు కడిగి, పక్కలు సవరించి, పగలు చదివిరి. ఉష్ణమండల వైద్యమున పట్టము పొందిన పిమ్మట, జీవరసాయన శాఖయందు సైరస్ ఫిస్కె అను ఆచార్యునియొద్ద చేరిరి. అచ్చటనే వారి పేరు శాస్త్రలోకమున నిలిచిన మొదటి పని జరిగెను.

మన దేహమందలి భాస్వరములో నూటికి సుమారు 85 పాళ్లు ఎముకలలోను పండ్లలోను కలదు. తక్కినది రక్తమునందును కండరములందును ఉండి, బ్రతుకునకు ఆధారమైన పనులు చేయును. పసివాండ్రకు రికెట్సు అను ఎముకల జబ్బు వచ్చినప్పుడు రక్తమున భాస్వరము తగ్గును. కాని కొలదిపాటి రక్తములో అది ఎంత కలదో కచ్చితముగా కొలుచుట కష్టముగా నుండెను. 1925వ సంవత్సరమున ఫిస్కె, సుబ్బారావు పండితులు ఒక సులభమార్గమును ప్రకటించిరి. రక్తమునుండి మాంసకృత్తులను తొలగించి, మిగిలిన ద్రవమునకు మాలిబ్డిక్ ఆమ్లమును చేర్చినచో అది భాస్వరముతో కూడును. దానికి మరియొక ద్రవ్యమును కలిపి క్షయకరణము చేసినచో నీలివర్ణము పుట్టును. భాస్వరము ఎంత యధికమైన నీలి అంత గాఢము. తెలిసిన కొలతగల ద్రవముయొక్క నీలితో దానిని పోల్చినచో లెక్క తేలును. మా పై తరగతుల బాలురు ప్రయోగశాలలో రంగులు చూచి ఉప్పులను గుర్తించునట్టి పనియే ఇది; కాని రంగుతో గుర్తించుట వేరు, రంగుతో తూచుట వేరు.

ఈ నీలియే వారికి మరియొక తలుపు తెరచెను. కండరముల రసముతో ప్రయోగము చేసినప్పుడు వర్ణము వెంటనే రాక, క్రమక్రమముగా ఆలస్యముగా గాఢమగుచుండెను. మరియొకడైన పరికరము చెడినదని గిన్నె పారబోసియుండును. వీరు ఆ ఆలస్యమునకు కారణము వెదకిరి. భాస్వరము వేరొక పదార్థముతో కూడియుండి మెల్లమెల్లగా విడివడుచున్నదని తేలెను. అదియే ఫాస్ఫోక్రియాటిన్, 1927లో ప్రకటితమైనది. కండరము పని చేయునప్పుడు అది విడిపోవును, విశ్రాంతియందు మరల కూడును. అదే కాలమున ఇంగ్లాండునందు ఎగిల్‌టను దంపతులును ఈ పదార్థమునే కనుగొనిరి. 1929లో ఎ.టి.పి. అను పదార్థమును వీరు వేరుపరచిరి. జర్మనీలో లోమన్ అను పండితుడును స్వతంత్రముగా అదియే చేసెను. నేడు తొమ్మిదవ తరగతి బాలుడు సయితము జీవకణమునకు శక్తినిచ్చు నాణెము ఎ.టి.పి. యని వల్లించును. వల్లించువారిలో వీరి పేరెరిగినవారు అరుదు.

1930లో వీరికి హార్వర్డు డాక్టరు పట్టమునిచ్చెను గాని స్థిరోద్యోగము నీయలేదు. అదే శాఖలో పని చేసి, తరువాత 1988లో నోబెల్ బహుమానము పొందిన జార్జి హిచ్చింగ్సు అను శాస్త్రజ్ఞుడు, సుబ్బారావుగారు కనుగొన్న పదార్థములు కొన్నింటిని ఫిస్కె వెలికి రానీయలేదనియు, వానిని ఇతరులు పిమ్మట మరల కనుగొనవలసివచ్చెననియు తెలిపియుండెను. సుబ్బారావుగారు కలహింపలేదు. అది సాధుత్వమో, పరదేశమున నిలువనీడలేనివాని జాగ్రత్తయో మేము నిర్ణయింపజాలము. 1923లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము భారతీయులు పౌరసత్వమునకు అర్హులు కారని తీర్పు చెప్పియుండెను. 1946లో శాసనము మారువరకు వీరు పరదేశీయులుగనే బ్రతికిరి. మారిన పిమ్మటను అమెరికను పౌరులు కాలేదు.

1940లో న్యూయార్కు రాష్ట్రమున పెర్ల్ రివర్ అను ఊరియందలి లెడర్లీ పరిశోధనశాలలో చేరి, 1942లో దాని పరిశోధనలకెల్ల అధిపతియైరి. ఇచ్చట మా విద్యార్థులకు పేటెంటు అను మాటను వివరింపవలెను. ఒకడు క్రొత్త వస్తువునో విధానమునో కనుగొని, దానిని దాచక లోకమునకు పూర్తిగా వివరించినచో, ప్రభుత్వము కొన్ని సంవత్సరములవరకు దానిని చేసి అమ్ముకొను హక్కును వానికే ఇచ్చును. నాటి అమెరికాలో ఆ గడువు మంజూరైనది మొదలు 17 సంవత్సరములు. నేడు మన దేశమున దరఖాస్తు నాటినుండి 20 సంవత్సరములు. నేడు కంప్యూటరు మీట నొక్కగనే మేలుకొను విధానమునకును పేటెంట్లు కలవు. విరిగిన ఎముక మరల పెరుగుటకై భాస్వరముతోను సున్నపుధాతువుతోను చేయు పదార్థములకును కలవు. సంస్థలో జీతమునకు పని చేయువాడు కనిపెట్టినప్పుడు పత్రముమీద పేరు వానిది, హక్కు సంస్థది. సుబ్బారావుగారి నీలివర్ణపు పద్ధతి మాత్రము శాస్త్రపత్రికలో అచ్చుపడినది. గిన్నె, గాజుగొట్టము గల ప్రతివాడును దానిని వాడుకొనెను.

లెడర్లీలో వీరు మొదట పట్టుకొన్నది పాత పగనే. 1931లో లూసీ విల్సు అను ఆంగ్లేయ వైద్యురాలు బొంబాయి మిల్లులలో పని చేయు గర్భిణీస్త్రీల రక్తహీనత ఈస్టు సారముతో నయమగుటను ప్రకటించియుండెను. ఆ సారమున నున్న పోషకమేదో ఎవరికిని అంతుపట్టలేదు. వీరి బృందము దానిని శుద్ధముగా వేరుపరచి, నిర్మాణము తేల్చి, 1945లో ప్రయోగశాలలో తయారుచేసెను. అదియే ఫోలిక్ ఆమ్లము. ఆ ప్రకటనపై పదిమందికి మించిన పేర్లు కలవు. వీరిది అందులో నొకటి. ఆ ఆమ్లమును రోగులకిచ్చి చూడగా స్ప్రూ వ్యాధి శమించెను. సోదరులను కొనిపోయిన రోగమునకు మందు దొరకునప్పటికి ఆయనకు ఏబదియేండ్లు. నేడు గర్భిణీస్త్రీలకు ఆరోగ్యకేంద్రములలో ఇచ్చు ఇనుము మాత్రలో ఈ ఫోలిక్ ఆమ్లము కలదు. మా విద్యార్థులు జన్మింపకముందే వారి తల్లుల ద్వారా దానిని తినియుందురు.

ఫోలిక్ ఆమ్లమును అడ్డగించు పదార్థములను కూడ ఈ బృందమువారే తయారుచేసిరి. రక్తపు క్యాన్సరు గల పిల్లలకు ఫోలిక్ ఆమ్లజాతి పదార్థముల నిచ్చినచో రోగము పెరుగుట చూచిన బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బరు, దానికి విరోధియగు మందును వీరి నడిగెను. అమినోప్టెరిన్ అను ఆ మందును 16 మంది పిల్లలకు ఈయగా 10 మందికి రోగము తాత్కాలికముగా వెనుకకు తగ్గెను. 1948 జూన్ మాసమున ఈ వార్త అచ్చుపడెను. ఆ పిల్లలు శాశ్వతముగా బ్రతుకలేదు. కాని మందుతో ఈ క్యాన్సరును అణపవచ్చునని లోకము నమ్మిన దినము అదియే. దాని సోదరియగు మెథోట్రెక్సేటు నేటికిని క్యాన్సరునకును కీళ్లవాతమునకును వాడుకలో కలదు.

బోదకాలు మందు 1947లో వెలువడెను. పసిఫిక్ దీవులలో యుద్ధము చేసిన అమెరికను సైనికులకు ఈ వ్యాధి సోకుటచే దానికై వెదకిరి. హెట్రజాన్ అని లెడర్లీవారు పేరిడిన ఆ డై ఇథైల్ కార్బమజీనే మా పాఠశాల కిటికీల వెనుక మట్టిలో పడియుండిన మాత్ర.

ఆరియోమైసిన్ చరిత్ర వేరు. డెబ్బదియేండ్లు దాటి విశ్రాంతి గొన్న వృక్షశాస్త్రాచార్యుడు బెంజమిన్ డగ్గర్‌ను సంస్థ చేర్చుకొనెను. దేశము నలుమూలలనుండి తెప్పించిన మట్టిని ఆయన పరీక్షించి, మిస్సోరి విశ్వవిద్యాలయ పొలమునుండి వచ్చిన మట్టిలో బంగారువన్నె సూక్ష్మజీవిని కనుగొనెను. టెట్రాసైక్లిన్ జాతి మందులలో ఇది మొదటిది. పరిశోధనకు అధిపతి సుబ్బారావుగారు. 1948 జూలైలో ఆ మందును పండితసభలో ప్రకటించిరి. 1949లో మంజూరైన పేటెంటు డగ్గర్ పేర, హక్కు కంపెనీ పేర నుండెను. అది న్యాయమే, సూక్ష్మజీవిని చూచినవాడు డగ్గర్. అధిపతి పని పేటెంటు పత్రమున కనబడదు.

ఆ పేటెంటు మంజూరగువరకు సుబ్బారావుగారు జీవించియుండలేదు. 1948 ఆగస్టు మాసమున న్యూయార్కు ప్రాంతమున నిద్రలోనే హృదయవ్యాధితో మరణించిరి. వయస్సు 53 సంవత్సరములు. 1953లో సహోద్యోగియగు హెసెల్టిన్ తాను కనుగొన్న ఒక క్రొత్త బూజుజాతికి సుబ్బరోమైసిస్ అని వీరి పేరు పెట్టెను. 1995లో, వారి శతజయంతి సంవత్సరమున, మన తపాలాశాఖవారు వీరి బొమ్మతో తపాలాబిళ్లను వెలువరించిరి. ఫిస్కె-సుబ్బారావు పద్ధతి అను పేరు మాత్రము ఎవరును దాఖలు చేయకయే, ఎవరును గడువు కట్టకయే, ఇప్పటికిని జీవరసాయన పాఠ్యగ్రంథములలో నిలిచియున్నది.